సవరణ: 5 ఆంపియర్లు దాటగానే ఫ్యూజు పోదు

కావలి దగ్గర మా రొయ్యల గుంట షెడ్డులో 12 వోల్టుల బ్యాటరీ లైట్ల గురించి మొన్న రాస్తూ, "5 ఆంపియర్ల ఫ్యూజు 5 దాటగానే కాలిపోతుంది" అన్నాను. అది తప్పు, నేను సరిచూసుకోలేదు. ఫ్యూజు తయారీదారులు ఇచ్చే పట్టికల ప్రకారం, కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు 5.5 ఆంపియర్ల దగ్గర గంటల తరబడి నిలుస్తుంది. 10 ఆంపియర్లయితే 5 సెకన్లలోపు లోపలి సన్న రేకు కరిగి తెగిపోతుంది. షార్ట్ అయితే రెప్పపాటే.

కాబట్టి వైరు ఫ్యూజు కంటే ఎక్కువ కరెంటు మోయగలగాలి. ఫ్యూజు ముందుగా కాపాడేది వైరునే. దాన్ని బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టండి, దూరమైతే ఆ మధ్య వైరుకు రక్షణే ఉండదు. నా పోస్టు చూసి సన్న వైరు వేసినవాళ్లు దయచేసి ఇవాళే మార్చండి. పైన తాటాకు కప్పు ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.