డార్విన్ పట్టుకున్న పురుగును డార్విన్ కనిపెట్టలేదు

మా పాత జువాలజీ క్లాస్‌మేట్ల గ్రూపులో ఈ వారం మూడుసార్లు వచ్చిన మెసేజ్ ఇది: "డార్విన్ 1832లోనే కనిపెట్టిన పురుగును లండన్ మ్యూజియం వాళ్లు 180 ఏళ్లు మూలన పడేశారు. ఇప్పుడెవరో డబ్బా తెరిచి, తానే కనిపెట్టినట్టు రాసుకుని, తనకిష్టమైన రచయిత పేరు తగిలించాడు. దీనికో పేపరు! డబ్బు దండగ." కింద తల, మెడ నీలం ఆకుపచ్చ కలిసి మెరుస్తున్న పురుగు ఫొటో. దాని పేరు డార్వినిలస్ సెడారిసై. రోవ్ బీటిల్ కుటుంబానికి చెందింది. ఫొటో నిజం, 1832 నిజం. మిగతా మాటలకే నా అభ్యంతరం. జువాలజీ చదివినవాళ్లే వీటిని ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

డార్విన్ కనిపెట్టాడన్నది మొదటి మాట. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ అర్జెంటీనా తీరంలో బహియా బ్లాంకా దగ్గర ఆగింది. డార్విన్‌కి అప్పటికి 23 ఏళ్లు, పురుగులంటే ప్రాణం. ఈ పురుగును పట్టాడు, చెడిపోకుండా ఇంగ్లండ్ చేర్చాడు. అది కొత్త జాతి అని ఆయన ఎక్కడా అనలేదు. తిరిగొచ్చాక తన సేకరణలను ఆయా రంగాల నిపుణులకు పంచిపెట్టాడు. గాలపాగోస్ దీవుల పిట్టల సంగతే తీసుకోండి. ఇవాళ వాటిని డార్విన్ ఫించ్‌లు అంటున్నాం గానీ, పైకి వేర్వేరుగా కనబడే ఆ పిట్టలన్నీ దగ్గరి చుట్టాలని 1837లో తేల్చింది పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్. పట్టుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు. ఈ తేడా డార్విన్‌కి బాగా తెలుసు.

మ్యూజియం మూలన పడేసిందట. మూలన పడేస్తే చీమలు, బూజు తినేసేవి. 182 ఏళ్ల తర్వాత కూడా మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేంత బాగా ఉందంటే, తరాల తరబడి ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉన్నారన్నమాట. ఆలస్యం జరిగింది, కాదనను. కానీ ఇది ఒక్క పురుగుకు పట్టిన గతి కాదు. ఒక జీవిని సేకరించిన రోజు నుంచి దాని వర్ణన అచ్చయ్యేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. పెట్టెల నిండా నమూనాలున్నాయి, చూసే కళ్లే తక్కువ. కోపం రావాల్సింది ఆ కొరత మీద.

నాకు అన్నిటికంటే బాధనిపించింది "డబ్బా తెరిచి రాసుకున్నాడు" అన్న మాట. రోవ్ బీటిల్ కుటుంబంలో ఇప్పటికే 60 వేలకు పైగా జాతులకు పేర్లున్నాయి. పై రెక్కలు పొట్టిగా, చేతుల్లేని బనియన్‌లా సగం ఒంటినే కప్పుతాయి. ఆ రెక్కల కింద అసలు రెక్కలు మడతల మీద మడతలుగా ఉంటాయి. పైకి చూస్తే వందల జాతులు ఒకేలా కనబడతాయి. ఎం.ఎస్సీ.లో ఒకే ఒక్క పురుగును, అదీ ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) వరకే గుర్తుపట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఎండిపోయిన పురుగును వేడినీళ్లలో మెత్తబరిచి, సన్నటి సూదితో పొట్ట చివర తెరిచి, మగ అవయవాన్ని బయటికి తీయాలి. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. చెయ్యి వణికితే పోయినట్టే. చాలాసార్లు జాతిని తేల్చేది ఆ చిన్న ముక్క ఆకారమే. మన దేశపు రోవ్ బీటిల్ అయితే 1930లలో కీటక శాస్త్రవేత్త మాల్కం కామెరాన్ రాసిన సంపుటాలు ముందేసుకోవాలి. అక్కడా తేలకపోతే ఆయన నమూనాల కోసం మళ్లీ లండన్ మ్యూజియమే దిక్కు.

డార్వినిలస్ విషయంలో ఈ పని చేసింది టెనెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసే స్టైలియానోస్ హాట్జిమనోలిస్. లండన్ మ్యూజియం నుంచి అరువు తెచ్చుకున్న నమూనాల్లో ఇది ఆయన కంటపడింది. దాని దగ్గరి చుట్టాలైన ప్రజాతులతో పోల్చి చూసి, వాటిలో దేనిలోనూ ఇమడదని చూపించాడు కాబట్టే జాతితో పాటు కొత్త ప్రజాతి కూడా పెట్టాల్సి వచ్చింది. కొత్తది అనాలంటే పాతవన్నీ తెలిసి ఉండాలి. ఆ వ్యాసం 2014 ఫిబ్రవరి 12న, డార్విన్ పుట్టినరోజున వచ్చింది. అందులో ఎక్కడా డార్విన్ పేరు దాచలేదు. దాచకపోగా ప్రజాతికే ఆయన పేరు పెట్టాడు.

ఇక రచయిత పేరు. అమెరికా రచయిత డేవిడ్ సెడారిస్ ఆడియో పుస్తకాలు వింటూ ఆ నమూనాల మీద పనిచేశానని, ఆ కృతజ్ఞతతో పెట్టానని ఆయనే రాశాడు. వర్ణించినవాళ్లు మనుషుల పేర్లు పెట్టడానికి జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ఒప్పుకుంటుంది. అది ఒప్పుకోనిది, హోలోటైప్ అంటే జాతికి ప్రమాణంగా నిలిచే నమూనా ఏదో చెప్పకుండా కొత్త జాతి పేరు ప్రకటించడం. ఈ వ్యాసంలో హోలోటైప్ ఏదో స్పష్టంగా ఉంది.

దండగ అన్నవాళ్లకు మన వరి మళ్లలోని పెడెరస్ ఫస్కిపెస్‌ని చూపిస్తాను. అదీ రోవ్ బీటిలే. వానాకాలం రాత్రి ట్యూబ్‌లైటు కింద వాలుతుంది. మెడ నారింజ రంగు, పై రెక్కలు మెరిసే నీలం, నడుస్తూ తోక పైకెత్తుతుంది. ఒంటి మీద నలిపామా, ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అందులోని పెడెరిన్ అనే విషం చేసే పని అది. అదే పురుగు పొలంలో సుడిదోమను తింటుంది. ఏ పురుగు ఏదో తెలియకపోతే డాక్టరుకూ కష్టమే, రైతుకూ నష్టమే.

డార్వినిలస్ నమూనాలు లోకంలో ఉన్నవి రెండే. రెండోది బహియా బ్లాంకాకు 600 కిలోమీటర్లకు పైగా దూరంలో, అర్జెంటీనాలోనే రియో క్వార్తో దగ్గర దొరికింది. రెండూ 1935కు ముందు పట్టినవే, ఆ తర్వాత ఎవరికీ కనబడినట్టు ఆ వ్యాసంలో లేదు. ఆ రెండు ఊళ్ల మధ్య నేల చాలావరకు సాగులోకి వచ్చేసింది. ఇంకా ఎక్కడైనా బతికి ఉంటే, రేపు అక్కడి కుర్రాడెవరైనా రాయి తిరగేసి మెరిసే తలను చూస్తే, అదేమిటో పోల్చి చూసుకోవడానికి ఇప్పుడొక వర్ణన ఉంది. 2014 దాకా అది లేదు.