హాబీలు: రీడింగ్ బుక్స్

మా పక్క వీధి కుర్రాడు డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాడు. ఇంగ్లిషు తప్పులుంటే దిద్దమని మొన్న తన రెజ్యూమే పట్టుకొచ్చాడు. ఒక్క తప్పూ లేదు. ఎందుకుంటుంది? క్లాసు మొత్తానికీ అదే రెజ్యూమే, పేరూ ఫోన్ నంబరూ తేడా. సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేసి సంస్థ ఎదుగుదలకి తోడ్పడటం వాడి ఆశయం. బలం హార్డ్ వర్క్. బలహీనత అందరినీ తేలిగ్గా నమ్మేయడం. హాబీలు: రీడింగ్ బుక్స్.

"ఏం పుస్తకాలు చదివావురా?"

"ఏం చదవలేదు బాబాయ్. సార్ పెట్టమన్నారు."

అంతకుముందు అక్కడేముందో గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. వాడు రెండు సీజన్లు, సెలవుల్లోనూ కాలేజీ ఎగ్గొట్టిన రోజుల్లోనూ, మన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేశాడు. అదే రాసుకున్నాడు. ఎంప్లాయబిలిటీ ట్రైనింగ్‌కి వచ్చిన సారు ఆ లైను మీద ఎర్ర గీత కొట్టి, "ఇది ప్రొఫెషనల్‌గా లేదు" అన్నారట.

ఆ సారుని నేను తప్పుపట్టను. ఆయన నెత్తిన పెట్టిన బాధ్యత అలాంటిది. తల్లిదండ్రులు ఇరవై ఏళ్లు పెంచినా రాని వ్యక్తిత్వాన్ని ఆయన మూడు రోజుల్లో తెప్పించాలి. అందులోనూ భోజనాల టైమూ, ప్రారంభ సభలో శాలువాల టైమూ పోతాయి.

మొదటి రోజు తెర మీద పెద్ద అక్షరాలతో మూడు అంకెలు వేశారట. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, బాడీ లాంగ్వేజ్‌ది 55. పిల్లలందరూ భక్తిగా నోట్సు రాసుకున్నారు. అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో అచ్చేసిన ప్రయోగాల లెక్క అది. మాట ఒకటి చెబుతూ, గొంతూ ముఖమూ ఇంకొకటి చెబుతుంటే, ఎదుటివాడికి మనమంటే ఇష్టమో కాదో వినేవాళ్లు దేన్నిబట్టి పోల్చుకుంటారన్నది ఆయన చూశాడు. ఇష్టాయిష్టాల సంగతి కాని చోట ఈ లెక్క చెల్లదని ఆయనే చెప్పుకున్నాడు. పాపం, అదంతా చెబితే స్లైడులో పట్టదు. మాటల వాటా 7 శాతమే అయితే సారుకి మైకెందుకో, ఇంగ్లిషు రాదని మా పిల్లల్ని మూడు రోజులు ఏడిపించడమెందుకో నాకు తెలీదు.

రెండో రోజు షేక్‌హ్యాండ్. నవ్వకండి, పూట పూటంతా అదే. కుర్చీలు గోడవారకి జరిపి, రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టారు. చెయ్యి ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎన్నిసార్లు ఊపాలి, ఎప్పుడు వదలాలి, వదిలాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి. సారు వరసలమ్మట నడుస్తూ ఒక్కొక్కరి చెయ్యీ స్వయంగా పరీక్షించి, "టూ సాఫ్ట్", "టూ హార్డ్", "యారోగెంట్" అని తీర్పులిచ్చారు. మా కుర్రాడి వంతు వచ్చింది. వాడు తెల్లారుజామున యార్డు దగ్గరి చుట్టుగుంటలో దిగి, టిక్కీల్లో, అదే మిర్చి బస్తాల్లో, కాయలు తిరగేసి, శాంపిళ్లు చూసి, అటునుంచి అటే కాలేజీకి వచ్చినవాడు. చేతులు కడుక్కునే వచ్చాడు, కానీ బాగా కారమైన తేజ రకం కాయ ఘాటు ఒక కడుగుడుకి పోయేదా? సారు చెయ్యి పట్టుకుని, రెండుసార్లు ఊపి, "ఎక్సలెంట్ గ్రిప్" అని మెచ్చుకున్నారు. ఆ చేత్తోనే కళ్లజోడు తీసి కన్ను నలుపుకున్నారు. తర్వాత పావుగంట ట్రైనింగ్ ఆగింది. ఆ మూడు రోజుల్లోనూ ఆయన బాడీ లాంగ్వేజ్ అందరికీ నూటికి నూరు పాళ్లు అర్థమైంది ఆ పావుగంటలోనేనట.

ఇక పేపర్లు. మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో లైఫ్ స్కిల్స్ కూడా పరీక్షే. మానవ విలువలకి మార్కులున్నాయి, వృత్తి నైతికతకి మార్కులున్నాయి. నైతికత పరీక్షకి చిట్టీలు పెట్టుకెళ్లిన మహానుభావులు నాకు తెలుసు, ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. పైగా డిగ్రీ అయ్యేలోపు 10 నెలల ఇంటర్న్‌షిప్. మంచిదే, పని నేర్చుకోవాల్సిందే. కాకపోతే మిర్చి దుకాణం వాళ్లిచ్చిన కాగితం చెల్లదని మా వాడికి కాలేజీలో చెప్పారు. వీడియోలు వేలితో ముందుకి జరుపుకుంటూ పూర్తిచేసిన ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ మాత్రం చెల్లింది.

ఆ దుకాణంలో వాడు చేసిందేమిటో అడిగారా ఎవరైనా? పల్నాడు నుంచి రాత్రంతా లారీ మీద కూర్చుని వచ్చిన రైతుకి, నీ సరుకులో తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎక్కువుందట, రేటు తగ్గిందని చెప్పింది వాడు. ఆ రైతు తిడితే పడ్డాడు. ఏడిస్తే పక్కన కూర్చుని టీ తెప్పించాడు. కాటా దగ్గర తూకం తేడా వస్తే ముఠా మేస్త్రీతో గొడవ పడకుండా మళ్లీ తూయించాడు. కమీషనూ కూలీలూ తీసేసి, పైసా తప్పకుండా లెక్క కట్టి, చదువురాని మనిషికి అర్థమయ్యేలా చదివి వినిపించాడు. ఇంకేం కావాలయ్యా మీకు? కమ్యూనికేషన్ అంటారు, టీమ్ వర్క్ అంటారు, ఒత్తిడిలో పనిచేయడం అంటారు. అవన్నీ నిలువెల్లా ఉన్న కుర్రాడిని నిలబెట్టి, చేసిన పని చెప్పుకుంటే పరువు తక్కువని నేర్పారు. ఏ యార్డు కూలీతో ఫీజు కట్టాడో ఆ యార్డు పేరు కాగితం మీద కనపడకూడదన్నారు. ఇది శిక్షణా? కన్నతండ్రిని పనివాడని చెప్పుకోమనడం ఇది!

ఆ ఎర్ర గీత కొట్టించిన కాగితం చివర ఒక డిక్లరేషన్ కూడా ఉంది. పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. ప్లేస్: గుంటూరు. కింద వాడి సంతకం. చదవని పుస్తకాలకి సంతకం, చేసిన పనికి లేదు.

నేను రెజ్యూమే దిద్దలేదు. పుస్తకాల లైను కొట్టేసి, యార్డు లైను మళ్లీ రాయించాను. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు ఒప్పుకోరని వాడికి టెన్షన్. ఒప్పుకోకపోతే ఆ సారునే ఒకసారి యార్డుకి దయచేయమను అన్నాను. మార్చిలో, సరుకు పోటెత్తే రోజుల్లో, పొద్దున్నే రావాలి. రేటు పడిపోయిన రైతు ఎదురుగా నిలబడి ఆ 55 శాతం బాడీ లాంగ్వేజ్ అక్కడ చూపించాలి. టై మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి. ఆ ఘాటులో కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలే పనికొస్తుంది.