నాలుగేళ్ల పిల్లకు ర్యాంకెందుకు?

పిల్లల వయసును సంవత్సరాలు, నెలల్లో లెక్కపెట్టి రోజులు వదిలేశారు. న్యూయార్క్ నగరపు ప్రభుత్వ బడుల్లో ప్రతిభ గల పిల్లలకని ‘గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్’ తరగతులున్నాయి. వాటికి నాలుగేళ్ల వయసు నుంచే పిల్లలను ఎంచిన పరీక్ష ఫలితాలు 2013లో తప్పుగా రావడానికి, మార్కులు లెక్కకట్టిన పియర్సన్ సంస్థ ఒప్పుకున్న కారణాల్లో ఇదొకటి. లెక్కలు సరిచేశాక, మొదట అర్హత లేదనిపించుకున్న దాదాపు 2,700 మంది పిల్లలు అర్హులయ్యారు. అందరూ సంస్థను తిట్టారు. తిట్టవలసిందే. కానీ కొన్ని రోజుల తేడాకే అటూ ఇటూ కాగలిగినదాన్ని ప్రతిభ అని ఎలా నమ్మాం?

మొదట్లో నగరంలోని ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టుది (బడుల విభాగానిది) ఒక్కో పద్ధతి. బ్లూంబర్గ్ మేయరుగా ఉండగా, 2008 నుంచి నగరమంతటికీ ఒకే పరీక్ష, ఒకే కటాఫ్ వచ్చాయి. 90వ పర్సంటైల్ వస్తే, అంటే అదే వయసు పిల్లల్లో నూటికి 90 మందిని దాటితే, డిస్ట్రిక్టు తరగతులకు, 97 వస్తే నగరస్థాయి బడులకు అర్హత. పలుకుబడి పనిచేయకూడదన్న ఉద్దేశం మంచిదే. అయితే పరీక్ష రాసేది ఎవరు? తల్లిదండ్రులను బయట వదిలి, ముక్కూమొహం తెలియని మనిషితో గదిలోకి వెళ్లవలసిన పిల్లలు. నోటితో అడిగే ప్రశ్నను ఒక్కసారే చదువుతారు. ఆ క్షణంలో పిల్ల కిటికీలోంచి పావురాన్ని చూస్తుంటే అంతే సంగతులు. మన ఇళ్లలో అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించే వయసుకు ఇదేమంత దూరం? ఆ పూట ఏడ్చిన పిల్లను తెలివితక్కువదని ఎవరూ అనరు.

రంగులు, ఆకారాలు, అక్షరాలు అడిగే భాగాన్ని ఇంట్లో నేర్పించి పంపుతున్నారని, దాని స్థానంలో బొమ్మల వరుసలు పూరించే నాగ్లియరీ పరీక్ష తెచ్చారు. దానికీ వర్క్‌బుక్కులు, ట్యూషన్లు వచ్చాయి. ఇక్కడి మన తెలుగువాళ్లు వెనకబడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఖర్చు కాదు. పరీక్ష ఇంగ్లీషులో కదా అని, ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడటం ఆపేసిన తల్లిదండ్రులున్నారు. నానమ్మతో ఫోనులో మాట్లాడే భాషను సీటు కోసం వదిలించారు. సీటు రాని ఇళ్లలోనూ అది తిరిగి రాలేదు.

2021 జనవరిలో నగర విద్యా విధాన మండలి పియర్సన్ ఒప్పందం పొడిగింపును తిరస్కరించడంతో ఆ పరీక్ష ఆగిపోయింది. ఇప్పుడు ప్రీస్కూలు టీచర్ సిఫార్సు, ఆ పైన లాటరీ. లాటరీ ప్రతిభకు అన్యాయమని మన విందుల్లో వినిపించే మాట. ఏటా 2,500 సీట్ల కోసం పోటీపడే నాలుగేళ్ల పిల్లల్లో ఎవరు పదేళ్లకు ఎలా ఉంటారో ఏ పరీక్ష చెప్పింది? చెప్పలేనప్పుడు చీటీ తీయడమే నిజాయితీ. భారతదేశపు విద్యా హక్కు చట్టం, 2009 ఈ సంగతి ఎప్పుడో రాసుకుంది. పదమూడో సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి పిల్లనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోయకూడదు. మొదటి ఉల్లంఘనకు 25 వేల రూపాయల వరకు జరిమానా. హైదరాబాదులో ‘ఇంటరాక్షన్’ పేరుతో దాన్ని తప్పించుకునే బడులున్నాయన్నది వేరే కథ.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వీధి చివరి బడి మీద నమ్మకం లేదు, మాన్‌హట్టన్ ప్రైవేటు బడుల్లో ఏడాది ఫీజు 60 వేల డాలర్లు దాటింది. మధ్యలో ఉచితంగా దొరికే మంచి తరగతి ఇదొక్కటే అనిపిస్తుంది. అయినా దానికి మందు వీధి చివరి బడిని బాగుచేయమని అడగడం, ఎంపిక తప్పదంటే కాస్త పెద్దయ్యాక చేయమనడం. 2022లో అప్పటి మేయర్ ఆడమ్స్ యంత్రాంగం మూడో తరగతిలో 1,000 సీట్లు కలిపింది. రెండో తరగతిలో చదువు ఎలా సాగిందో చూసి పిలుస్తారు. ఎనిమిదేళ్లకు కనీసం చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక్కడి మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపం: సొంతంగా ప్రవేశ పరీక్ష పెట్టే హంటర్ కాలేజీ ఎలిమెంటరీ వంటి బడుల పరీక్షలకు నాలుగేళ్ల పిల్లలను తయారుచేస్తామని వచ్చేవారికి ఆదివారం హాలు ఇవ్వకండి, ఈ పత్రికలో వారి ప్రకటనలు వేయకండి. కోశాధికారి అభ్యంతరం చెబుతారు, చెప్పనివ్వండి. దానికి బదులు మూడో తరగతి ప్రవేశాల మీద తల్లిదండ్రులకు ఒక సమావేశం పెట్టండి. కుర్చీలు వేయడానికి నేను వస్తాను.