ట్యాంకు మూతలో సూదిమొనంత రంధ్రం

నెలన్నరలో నా పాత బైకు మీద 6,400 రూపాయలు ఖర్చుపెట్టాను. ప్లగ్గు మారింది, ప్లగ్గుకి కరెంటు పంపే సీడీఐ మారింది, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్ రెండుసార్లు ఊడి మళ్లీ ఎక్కింది. చివరికి జబ్బు ఎక్కడుందంటే పెట్రోల్ ట్యాంకు మూతలో. గాలి లోపలికి పోవడానికి ఉండే సూదిమొనంత రంధ్రం పూడుకుపోయింది. దాన్ని బాగుచేయడానికి ఒక్క పైసా కాలేదు.

కోపంగానే ఉంది, దాచను. కానీ ఇది రాయడానికి అసలు కారణం వేరే. బెంగళూరు మారతహళ్లిలో మా బిల్డింగులోనే ఈ మధ్య ముగ్గురు సెకండ్ హ్యాండ్ బండ్లు కొన్నారు. ముగ్గురూ నేను వెళ్లిన దారిలోనే వెళ్తున్నారు. బండి ఎక్కడో ఆగుతుంది, షెడ్డుకి తోసుకెళ్తారు, ఏదో ఒకటి మార్పించుకుని వస్తారు, మళ్లీ ఆగుతుంది. నిన్న రాత్రి పార్కింగులో ఒకతను "అన్నా, కార్బరేటర్ కొత్తది వేసేద్దామా" అని అడిగాడు. ఎప్పుడు ఆగుతోంది అంటే చెప్పలేకపోయాడు. పార్టు పేరు తెలిసింది, జబ్బు సంగతి తెలియలేదు. నాకూ మొన్నటిదాకా అంతే.

నాది 2014 మోడల్, 150 సీసీ, కేఏ 53 నంబరు. 46 వేల కిలోమీటర్లు తిరిగింది. పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 38 వేలకి తీసుకున్నాను. చూడ్డానికి తళతళలాడుతోంది. ట్యాంకులో ముఖం కనిపించేంత పాలిష్ పెట్టారు. ఆ పాలిష్ గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

వారం రోజులు మారతహళ్లి నుంచి బెళ్లందూరు ఆఫీసుకి తిరిగాను, ఏ సమస్యా లేదు. శనివారం హిందూపురం బయల్దేరాను, ట్యాంకు నిండా కొట్టించి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కేఆర్ పురం వేలాడే వంతెన దాటి నాగవార దగ్గరికి వచ్చేసరికి బండి నీరసపడింది. యాక్సిలరేటర్ తిప్పితే గుంజడం లేదు. రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది. పక్కన లారీలు, వెనక నుంచి హారన్లు, తోసుకుంటూ అంచుకి తీసుకెళ్లేసరికి చెమటలు పట్టాయి. పదిహేను నిమిషాలాగి కిక్కు కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఊరికి వెళ్లే ధైర్యం లేక వెనక్కి వచ్చేశాను.

మొదటి మెకానిక్ ప్లగ్గు నల్లబడింది అన్నాడు, నిజంగానే నల్లగా ఉంది. ప్లగ్గు మార్చాడు, కార్బరేటర్ కడిగాడు. తర్వాతి శనివారం యలహంక దాటాక మళ్లీ అదే తీరు. రెండో షెడ్డులో "వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే స్టార్ట్ అవుతోంది, సీడీఐ పోయింది సార్" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇగ్నిషన్ కాయిల్ గానీ సీడీఐ గానీ పాడైతే వేడికి పనిమానేసి చల్లారాక మళ్లీ పనిచేయడం నిజంగానే జరుగుతుంది. సీడీఐ, ఎయిర్ ఫిల్టర్, మళ్లీ కార్బరేటర్ క్లీనింగ్, లేబర్ అన్నీ కలిపి 4,900. కానీ పాత సీడీఐ నిజంగా పోయిందా అని పరీక్షించినవాళ్లు లేరు. చూపించమని నేనూ అడగలేదు.

మూడో శనివారం దొడ్డబళ్లాపుర దాటి మాకళిదుర్గ దగ్గర ఆగింది. కొండ పక్కన, నీడ కూడా లేని చోట. అప్పుడు హిందూపురంలో మా మామకి ఫోన్ చేశాను. ఆయన షెడ్డు మెకానిక్ కాదు. ముప్పై ఏళ్లుగా పాత బండి నడుపుతూ, దాని పని తానే చేసుకునే మనిషి.

"యాడుండావ్ రా?"

"మాకళిదుర్గ కాడ మామా. మళ్లీ ఆగిపాయ."

"ఎట్ల ఆగింది? లైటు ఆర్పినట్ల టక్కున ఆగిందా, నీరసపడి ఆగిందా?"

"నీరసపడి."

"ట్యాంకు నింపుకోనొచ్చినావా?"

"ఫుల్ చేసినా మామా."

"ఆఫీసుకు పొయ్యేటప్పుడు ఎంత పోపిస్తావు?"

"రెండు నూర్లకి."

"అప్పుడు ఆగదు కదా? సరే, ఫోను పెట్టొద్దు. మూత తీయి."

తాళం తిప్పి మూత ఎత్తగానే 'సుస్స్' మని గాలి లోపలికి పోయిన చప్పుడు. ఫోనులో ఆయనకి కూడా వినిపించింది. "ఇప్పుడు కిక్కు కొట్టు" అన్నాడు. మొదటి కిక్కుకి కాదు గానీ నాలుగో కిక్కుకి స్టార్ట్ అయింది. పదిహేను నిమిషాలు ఆగాల్సిన పనిలేకపోయింది. అక్కణ్నుంచి హిందూపురం దాకా రెండుచోట్ల ఆపి మూత తీసి మూసుకుంటూ వెళ్లాను. ఎక్కడా ఆగలేదు.

ఎందుకిలా అంటే, కార్బరేటర్ ఉన్న ఇలాంటి పాత బండ్లలో పంపు ఉండదు. పెట్రోలు తన బరువుకి తానే కిందికి దిగాలి. దిగినంత పెట్రోలు స్థానంలో గాలి లోపలికి రావాలి, ఆ గాలి మూతలో ఉన్న చిన్న రంధ్రం నుంచి వస్తుంది. అది మూసుకుపోతే ట్యాంకులో ఒత్తిడి తగ్గి పెట్రోలు కిందికి దిగదు. నిండా నీళ్లున్న స్ట్రాని పైన వేలితో మూసి ఎత్తితే నీళ్లు ఎలా నిలబడిపోతాయో అలాగే. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ కాబట్టి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఖాళీ ఎక్కువగా ఉంటే ఆలస్యమవుతుంది. అందుకే రెండు వందల పెట్రోలుతో ఆఫీసుకి తిరిగినన్నాళ్లూ బయటపడలేదు. ఆగినప్పుడల్లా నేను పదిహేను నిమిషాలు నిలబడింది ఇంజన్ చల్లారడానికి అనుకున్నాను. నిజానికి ఆ టైములో మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి లోపలికి వెళ్లింది, అంతే.

ఇంటికి వెళ్లాక మూత విప్పి చూస్తే రంధ్రంలో తెల్లటి గట్టి ముద్ద. పాలిష్ పేస్టు ఎండిపోయింది. కన్సల్టెన్సీ వాళ్లు మెరిపించడానికి రుద్దిన పాలిష్. కుట్టుసూదితో తీసి, నోటితో ఊది చూస్తే గాలి పోయింది. ఆ మూత దగ్గరే చాలా బండ్లకి ఇంకో రంధ్రం ఉంటుంది, వాన నీళ్లు కిందికి పోవడానికి. అది పూడితే మూత చుట్టూ నీళ్లు నిలిచి ట్యాంకులోకి దిగుతాయి. బెంగళూరు వానల్లో బండి బయట పెట్టేవాళ్లు ఆ రెండూ చూసుకోండి. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున వేరుగా చేరతాయి. అప్పుడు బండి అసలు స్టార్టే కాకపోవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండి ఆగితే "ఏం పోయింది" అని కాదు, "ఎప్పుడు ఆగుతోంది" అని అడగండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? సిగ్నల్లో నిలబడితేనా, స్పీడులోనా? వాన పడ్డాకా? టక్కున ఆగితే కరెంటు వైపు అనుమానించాలి, దగ్గుతూ నీరసపడితే పెట్రోలు వైపు. నా విషయంలో మా మామ అడిగింది నాలుగు ప్రశ్నలు. రెండు షెడ్లలో ఆ నాలుగూ అడిగినవాళ్లు లేరు.

ఆగిన చోటే ప్లగ్గు విప్పి, మళ్లీ దాని రబ్బరు క్యాపుకి తగిలించి, ప్లగ్గు లోహం భాగాన్ని ఇంజన్‌కి ఆనించి, కిక్కు కొడితే నిప్పురవ్వ వస్తోందో లేదో కనిపిస్తుంది. పెట్రోలు కారి ఉన్నప్పుడు, మూత తీసి ఉన్నప్పుడు మాత్రం దయచేసి ఈ పని చేయొద్దు. ప్లగ్గుని చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు క్యాపుని పట్టుకోండి. నాగవారలోనే ఇది చేసి ఉంటే నిప్పు బాగానే ఉందని తెలిసేది, సీడీఐ డబ్బులు మిగిలేవి.

బ్యాటరీ సంగతి కూడా ఇంతే. సెల్ఫ్ నొక్కితే 'టక్ టక్' అని ఊరుకుంటే వెంటనే కొత్త బ్యాటరీ అంటారు. నేను ఎస్పీ రోడ్డులో 250 రూపాయలకి చిన్న మల్టీమీటర్ కొన్నాను. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున బ్యాటరీ మీద 12.6 వోల్టుల దాకా ఉంటే బ్యాటరీలో చార్జ్ బాగున్నట్టే. ఇంజన్ ఆన్ చేసి కొంచెం రేస్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అంతకంటే బాగా తక్కువైతే కొత్త బ్యాటరీ వేసినా వారంలో దిగిపోతుంది, ఎందుకంటే లోపం చార్జింగులో ఉంది. నాకు 12.7 చూపించింది, సెల్ఫ్ మాత్రం లేదు. చూస్తే టెర్మినల్ మీద తెల్లటి బూజులాంటి పొడి, బోల్టు లూజు. ముందు నెగటివ్ వైరు విప్పి, రెండు టెర్మినళ్లూ వంట సోడా కలిపిన వేడి నీళ్లతో తుడిచి, ఆరబెట్టి బిగించి, వాజిలిన్ రాశాను. ఇప్పటిదాకా సెల్ఫ్ మొరాయించలేదు.

హెడ్‌లైట్ సిగ్నల్లో మసకబారుతోందని బ్యాటరీ మార్చుకున్న మనిషి మా బిల్డింగులోనే ఉన్నాడు. పాత బండ్లు చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి రాదు, నేరుగా ఇంజన్ కాయిల్ నుంచి వస్తుంది. రేస్ తగ్గితే లైటు తగ్గడం వాటికి సహజం. ఆ డబ్బు వృథా అయిందంటే నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే అతను డెలివరీ పని చేస్తాడు.

చైన్ గరగరలాడితే సెట్టు మార్చేయమనే ముందు మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉండాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. మరీ బిగిస్తే బేరింగులు దెబ్బతింటాయి. నాది శుభ్రం చేసి ఆయిల్ వేస్తే సగం శబ్దం పోయింది.

ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పిందానికి పూర్తిగా ఎదురు చెప్తాను. బ్రేకులు, టైర్ల దగ్గర ఆగి ఆలోచించకండి, మార్చేయండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3214 అంటే 2014లో 32వ వారం తయారైనదని. నా వెనక టైరు మీద ఉన్నది అదే. గాడులు బాగానే కనిపిస్తున్నాయి, గోరుతో నొక్కితే రబ్బరు ప్లాస్టిక్ లాగా ఉంది. తడి రోడ్డు మీద అలాంటి టైరుతో బ్రేకు వేయడం అంటే ప్రాణంతో ఆడుకోవడమే. కన్సల్టెన్సీ వాళ్లు దానికీ నల్లటి పాలిష్ కొట్టి మెరిపించారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. జేసీ రోడ్డుకి వెళ్లి కొత్త టైరు తెచ్చుకున్నాను, ఆ ఖర్చుకి నేనేమీ బాధపడను. డిస్క్ బ్రేక్ ఆయిల్ కూడా తేమని పీల్చుకుంటుంది, పాత యజమాని ఎప్పుడు మార్చాడో తెలియకపోతే మార్పించేయండి.

మెకానిక్కుల్ని దొంగలు అనడం నాకిష్టం లేదు. శనివారం పొద్దున షెడ్డు ముందు పాతిక బండ్లు ఉంటాయి. మనం వెళ్లి "అన్నా, సాయంత్రానికి కావాలి, ఏదుంటే అది మార్చేయ్" అంటాం. ఆయన అరగంట కూర్చుని జబ్బు కనిపెట్టి, సూదితో రంధ్రం పొడిచి, మూడొందలు ఇవ్వమంటే మనలో ఎంతమంది ఇస్తాం? "సూదితో పొడిచినందుకు మూడొందలా" అని గొడవ పెట్టుకుంటాం. అదే పార్టు చేతికిచ్చి రెండు వేలు అంటే నోరు మూసుకుని ఇస్తాం. కనిపెట్టినందుకు మనం డబ్బు ఇవ్వం కాబట్టి ఆయన మార్చినందుకు తీసుకుంటాడు. ఇప్పుడు నేను వెళ్లే షెడ్డులో ముందే చెప్తున్నాను, "చూసినందుకు వేరుగా ఇస్తాను, నన్నడక్కుండా ఏదీ మార్చొద్దు, మార్చిన పాత పార్టు నాకివ్వండి" అని. చిత్తూరు వైపు ఆయన, మొదటిసారి విని నా ముఖంలోకి చూసి, స్టూలు లాగి బండి పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఇరవై నిమిషాలు చూశాడు. క్లచ్ కేబుల్ ఆట సరిచేశాడు, రెండొందలు ఇచ్చాను, ఏదీ మార్చలేదు.

మా బిల్డింగు వాళ్లకీ, దగ్గర్లో ఉన్నవాళ్లకీ: మల్టీమీటర్, ప్లగ్గు స్పానరు నా దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున పది లోపల వస్తే ఇద్దరం కలిసి చూద్దాం.

నా బండికి ఇంకో సమస్య మిగిలే ఉంది. 60 దాటాక ఎడమ ఫుట్‌రెస్ట్‌లో వణుకు వస్తోంది, 70 దగ్గర తగ్గిపోతోంది. న్యూట్రల్‌లో రేస్ ఇస్తే రావడం లేదు, మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ అదే స్పీడులో వస్తోంది. అంటే ఇంజన్ కంటే చక్రాల వైపు, చైన్ వైపు అనుమానం ఎక్కువ. వెనక టైరు మార్చాక మొదలైందా, ముందే ఉందా అన్నది నేను రాసిపెట్టుకోలేదు. ఇంకా ఏ బోల్టూ ముట్టుకోలేదు. ఇలాంటిది చూసినవాళ్లెవరైనా ఉంటే, మీకు ఎప్పుడు వచ్చేదో, ఏం చూస్తే తెలిసిందో రాయండి.