దళారీ పోలేదండీ, ఫోన్‌లోకి మారాడు

యాప్‌ల వల్ల పల్లె సరుకు నేరుగా కొనేవాళ్ల గుమ్మానికే చేరుతోందనీ, దళారీ లేకుండా పోయాడనీ మీ వ్యాసంలో రాశారు. మాది ఆత్రేయపురం పక్క ఊరు. మా అత్తయ్య బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు మండుతుంటే, పలచటి పిండిలో ముంచిన గుడ్డని ఇలా వేసి అలా లాగి పూతరేకు తీస్తుంది, క్షణంలో పనే కానీ ఆ పొగకి మధ్యాహ్నానికల్లా కళ్లు ఎర్రబడతాయి.

ఇదివరకు రావులపాలెంలో ఒక కొట్టుకి ఇచ్చేవాళ్లం. ఆయనా లాభం వేసుకునేవాడు, కాదనను, కానీ రేకులు విరిగితే సర్దుకునేవాడు. ఇప్పుడు యాప్‌వాడికి కమీషన్, పైన కనపడాలంటే ప్రకటనకి వేరే డబ్బులు, ఆఫర్ పెడితే ఆ తగ్గింపూ మా నెత్తినే, హైదరాబాద్ చేరేలోపు నలిగితే వాపసు కూడా మా ఖాతాలోంచే. ఆర్డర్లు పెరిగాయి, అది ఒప్పుకోవాలి. కొన్నది ఎవరో మాత్రం యాప్‌వాడు మాకు చెప్పడు.

2023లో మా పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది, సంతోషమే, అయినా యాప్‌లో ముందు కనపడేది ఎక్కువ కట్టినవాడి డబ్బానే.

అందుకే మా బావ ఈమధ్య ప్రతి డబ్బాలో ఫోన్ నంబరు రాసిన చీటీ పెడుతున్నాడు. మొన్న ఒకావిడ ఫోన్ చేసి, నెయ్యి కాస్త తగ్గించి ఇంకో రెండు పంపమంది.