గెలాక్సీ పాలిష్ పిస్తోలు

ఒంగోలులో ఉండే మా బావకు ప్రాణహాని ఉంది. ఇది నా మాట కాదు. పిస్తోలు లైసెన్సు దరఖాస్తులో ఆయనే రాసుకున్నాడు. హాని ఎవరి వల్లో మాత్రం పోయిన ఆదివారం దాకా మాకెవరికీ అంతుపట్టలేదు. ఆయన వల్లే.

పొద్దున్నే ఫోను. "ఒరే, నువ్వు ఇంజనీరింగ్ చదివినావు గదా, ఒకసారి ఇట్టా రా. ట్రిగ్గరు ఎందుకో పట్టుకోవట్లా." నేను చదివింది సివిల్. ఆ తేడా మా బావ ఏనాడూ పట్టించుకోలేదు. ఇంటికి బోరు వేయించినప్పుడూ నన్నే పిలిచాడు, మిక్సీ చెడిపోయినప్పుడూ నన్నే.

బావది చీమకుర్తి గ్రానైటు వ్యాపారం. గరుకు రాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా వరసగా మారుస్తూ రుద్దితే నల్లటి పలకలో బంగారు చుక్కలు తేలతాయి. దాన్నే గెలాక్సీ అంటారు. ఆ పలకలు అమ్మీ అమ్మీ ఆయనకొక తత్వం ఒంటబట్టింది. లోకంలో ఏ వస్తువునైనా నునుపు చేస్తే విలువ పెరుగుతుంది. ట్రిగ్గరు నొక్కితే కొంచెం గరగరమంటోందట. ఎవరో తెల్లాయన ఇంట్లో కూర్చుని పాలిష్ చేసుకునే వీడియో ఫోన్లో కనబడిందట. శనివారం రాత్రి భోజనాలయ్యాక పని మొదలుపెట్టాడు.

నేను వెళ్లేసరికి హాల్లో టీపాయ్ మీద నిన్నటి పేపరు, దాని మీద నల్లటి నూనె మరకలు, పక్కన వెండి కుందులు తోమే పొడి. "శనివారం ఇనుము జోలికి పోవద్దురా అంటే విన్నాడా?" అని మా అత్త వంటింట్లోంచి. ఆవిడ చెప్పిన కారణం సంగతి ఎలా ఉన్నా, సలహా మాత్రం బంగారం.

బావ పిస్తోలు బిగించి చూపించాడు. స్లైడు, అంటే పైన వెనక్కీ ముందుకీ జరిగే ఉక్కు తొడుగు, లాగి వదిలితే హ్యామర్, అదే గుండును పేల్చే చిన్న సుత్తి, వెనకాగకుండా దాంతోపాటే ముందుకు పడిపోతోంది. మళ్లీ లాగాడు, మళ్లీ పడింది. "నూనె తక్కువైందంటావా?" అన్నాడు. తర్వాత స్ప్రింగు నీరసించిందన్నాడు. చివరికి, "ఇంకొంచెం రుద్దితే?" అన్నాడు.

లోపల సియర్ అని చిటికెన వేలి గోరంత ముక్క ఒకటుంటుంది. హ్యామర్‌ను వెనక్కి ఆపి ఉంచేది అదే. ట్రిగ్గరు నొక్కినప్పుడే అది తప్పుకోవాలి. పట్టంతా ఆ రెండూ ఆనుకునే అంచులో, ఆ అంచు కోణంలో ఉంటుంది. చాలావాటిలో పైన గట్టిపరిచిన ఉక్కు పొర పల్చగానే ఉంటుంది. మా బావ ఆ పొరను గీకేసి, అంచును గుండ్రం చేశాడు. గిత్తను కట్టేసిన పలుపుతాడు గరుగ్గా ఉందని కత్తితో చెక్కి నున్నగా చేసినట్టు.

మళ్లీ విప్పుతుంటే స్ప్రింగొకటి టింగుమని ఎగిరి సోఫా కిందకి పోయింది. ఆరో తరగతి చదివే మా మేనల్లుడు ఫ్రిజ్ మీదున్న వెంకన్న బొమ్మ మాగ్నెట్టు పీకి, దానికి దారం కట్టి, పొట్ట మీద పాకుతూ సోఫా కింద వల వేయడం మొదలుపెట్టాడు. హెయిర్ పిన్ను పడింది, రూపాయి బిళ్ల పడింది, పోయిన సంక్రాంతికి పోయిన బీరువా తాళం పడింది. మా అక్క ఒక్కటే సంతోషించింది.

"అది దొరకనీ, మేడ మీదకి పోయి ఒక్క గుండు పేల్చి చూద్దాం," అన్నాడు బావ.

ఏం చూస్తాడు? ఈ స్థితిలో గుండు ఎక్కించి స్లైడు వదిలితే, వేలు ట్రిగ్గరు మీద లేకుండానే పేలొచ్చు. ఒకదానితో ఆగుతుందని కూడా లేదు. ఇందాకంతా ఆ గొట్టం ఎటు చూస్తోందో ఈ పెద్దమనిషి ఒక్కసారైనా చూసుకున్నాడా? వంటింటి గుమ్మం వైపు! అక్కడ పనమ్మాయి అంట్లు తోముతోంది. పక్క మేడ మీద ఎవరో వడియాలు పెడుతున్నారు. కారు వైపరు మార్చడానికి కూడా, వారంటీ పోతుందని షోరూముకే వెళ్లే మనిషి, మనిషి ప్రాణం తీసే యంత్రాన్ని గిన్నెలు తోమే పొడితో రుద్దుతాడా? ఉంచుకోవడానికిచ్చిన లైసెన్సు బాగుచేయడానికి చెల్లదు. మరమ్మతుకు వేరే లైసెన్సు కావాలని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చి పక్కవాళ్ల ప్రాణం మీదకి తెచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో అని 2019లో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, ఇలాంటి బావలు ఇంటికొకడు ఉన్నట్టే. నడుముకు పిస్తోలు కనబడాలి, జనం పక్కకు తప్పుకోవాలి, అంతేగా మీ ప్రాణహాని? థూ!

ఈ మాటలన్నీ నేను పైకే అన్నాను. అత్త స్టవ్ ఆపేసింది. బావ మొహం గెలాక్సీ పలకలా నల్లబడింది, చుక్కలు మాత్రం లేవు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా పిస్తోలు స్టేషన్లో అప్పగించి రావడం ఆయనకు పెద్ద అవమానం. ఆ నెలన్నరే మా అక్క కంటినిండా నిద్రపోతుంది.

చివరికి ముక్కలన్నీ ఇడ్లీ క్యారియర్లో సర్ది, లైసెన్సున్న షాపు వాళ్లకే ఇవ్వాలని ఒప్పించాం. ఆ ఒక్క స్ప్రింగు మాత్రం దొరకలేదు.

నేను చెప్పులేసుకుంటుంటే మేనల్లుడు గేటు దాకా వచ్చాడు. "మామయ్యా, అది లేకుండా పేలదు గదా?" అని మెల్లగా అడిగి, జేబులోంచి జామెట్రీ బాక్సు తీసి కొంచెంగా తెరిచి చూపించాడు.