గెలాక్సీ నంబరు 404కు నివాస ధ్రువపత్రం ఇవ్వాలి

మా పర్లాకిమిడి తెలుగువాళ్లకు ఆకాశంలో ఒక చుట్టం ఉన్నట్టు ఈ మధ్యే తెలిసింది. ఉండేది కోటి కాంతి సంవత్సరాల అవతల కాబట్టి పెళ్లిళ్లకు రాకపోకలు లేవు. పేరు ఎన్‌జీసీ 404, అంటే ఎన్‌జీసీ అనే ఖగోళ జాబితాలో 404వ నంబరు గెలాక్సీ. నివాస ధ్రువపత్రం కోసం నేను తెరిచినప్పుడల్లా ఒక వెబ్‌సైట్ చూపించే అంకె కూడా 404 అనే, అంటే ‘మీరడిగింది దొరకలేదు’ అని. చుట్టరికానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

శాస్త్రజ్ఞులు దీన్ని మరుగుజ్జు లెంటిక్యులర్ గెలాక్సీ అంటారు. లెంటిక్యులర్ అంటే పప్పుగింజ ఆకారంలో ఉన్నది. ఏ పప్పంటే మసూర్ పప్పు, మన ఇళ్లలో మైసూరు పప్పు. మైసూరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. పప్పుకే వేరే ఊరి పేరు తగిలించినవాళ్లం, ఇక మనుషుల సంగతి చెప్పాలా!

గెలాక్సీల్లో పెద్ద పార్టీలు రెండు. కోడిగుడ్డులా నున్నగా ఉండేవి ఒకటి, చేతులు చాచి సుడి తిరిగేవి రెండోది. మన 404కు సుడి గెలాక్సీలా పళ్లెం ఉంది, చేతులు లేవు. ఇలాంటి వాటి కోసం ఎడ్విన్ హబుల్ 1936లో రెండింటి మధ్య ‘ఎస్ జీరో’ అని ఒక గడి గీశాడు. అప్పటికి అది ఊహే. ముందు గడి, తర్వాత అందులో కూర్చునేవాళ్లు!

అదే 1936లో, ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం పుట్టింది, పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. ఇక్కడ జనం ముందే ఉన్నారు, గడే గీయలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతకు రాజమండ్రిలో ఎవరూ లేరు. ఉండిపోయాడు.

ఫలితం నేను. ఇక్కడ గుమాస్తా నా రమణ పేరును ఒడియాలో తిప్పి ‘రొమొణొ బాబూ’ అని ప్రేమగా పిలిచి, ‘మీది ఆంధ్రా కదా’ అంటాడు. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళితే కౌంటర్లో ‘మీది ఒడిశా కదండీ’ అంటారు. సరిహద్దులోని కొటియా గ్రామాలను రెండు రాష్ట్రాలూ ‘మావే’ అని కొట్టుకుంటున్నాయి. అదృష్టవంతులు! మా కోసం ఎవరూ కోర్టుకెళ్లలేదు.

404 కష్టం ఇంకా పెద్దది. 1784లోనే విలియం హెర్షెల్ చూశాడు. అయినా ఇప్పటికీ దాని పేరు ‘మిరాక్ దెయ్యం’. మిరాక్ అనే నక్షత్రం మనకు 200 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉండి, ఆ వెలుగులో వెనకున్న దీన్ని కనపడనివ్వదు. కోటి కాంతి సంవత్సరాల అవతల కాపురముంటే దెయ్యమా? పైగా మన పాలపుంత, ఆండ్రోమెడా ఉన్న ‘స్థానిక సమూహం’ అనే గెలాక్సీల గుంపు పొలిమేరకు కాస్త అవతలుందట. తెలిసిందిగా, మాకు పాతపట్నమంత దూరం.

ముసలిదనుకున్న ఈ గెలాక్సీ చుట్టూ ఒక వలయంలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని గేలెక్స్ టెలిస్కోపు పట్టేసింది. సుమారు 90 కోట్ల ఏళ్ల కిందట ఒక చిన్న గెలాక్సీని మింగి గ్యాస్ సంపాదించుకుందంటారు. ఏ రాష్ట్రం కోటాలో తీసుకుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

కాబట్టి సంబంధిత అధికారులకు మనవి. 404కు, నాకు కలిపి ఒకే దరఖాస్తు పెడుతున్నాను. చిరునామా గడిలో ‘మధ్యలో’ అని రాశాను. ఫోటోలూ జత చేశాను. దాని ఫోటోలో మిరాక్ వెలుగు పడి ముఖం సరిగా రాలేదు. అయినా నా ఆధార్ ఫోటో కన్నా నయమే.